పేపర్లు పెట్టేశాను

ఆరేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఈ నెలతో ఆఖరు. ఇకమీదట స్టాండప్ కామెడీయే.

ఓపెన్ మైక్‌లో, అంటే కొత్తవాళ్లు కూడా స్టేజెక్కి జోకులు చెప్పి చూసుకునే షోలో, ఇచ్చేది నాలుగైదు నిమిషాలే, కానీ అందులో ఒక్క నిమిషం గట్టిగా నిలబడాలంటే అదే జోకు వేర్వేరు జనం ముందు పదేపదే చెప్పి, నవ్వు రాని చోట మాట కోసేసి, మళ్లీ చెప్పి చూడాలి, ఆఫీసు అయ్యాక బంజారాహిల్స్‌లో లామకాన్ అనే కల్చరల్ సెంటర్‌కో ఏదో కేఫ్‌కో పరుగెత్తి చేసే పని కాదది. పైగా హైదరాబాద్‌లో షోలు ఎక్కువగా ఇంగ్లిష్, హిందీల్లోనే, నాకేమో మా అమ్మమ్మ మాట్లాడే తెలుగులోనే చెప్పాలని ఉంది.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఈఎంఐలేమన్నా ఉన్నాయారా?"

"లేవు నాన్నా, ఏడాదికి సరిపడా దాచాను."

శనివారం షోకి అమ్మను తీసుకుని వస్తానన్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.