8,000 లాగుతుందన్నారు, తలుపు తీస్తే 1,480

మాది డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో. 2018 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు, నిజం చెప్పాలంటే, హోమ్ డిపో నుంచి చెక్కలు తెచ్చుకోవడం తప్ప దానితో నాకు పనేమీ లేదు. అమ్మ తెనాలి నుంచి ఆర్నెల్లుండేలా వస్తోందని తెలిశాకే ట్రెయిలర్ ఆలోచన పుట్టింది. అంతకుముందు ఏడాది టెంటు వేసుకుని క్యాంపింగ్‌కి వెళ్తే అర్ధరాత్రి వాన మొదలైంది. పిల్లలిద్దర్నీ ట్రక్కు వెనకసీట్లో పడుకోబెట్టి, మేమిద్దరం ముందు సీట్లలో తెల్లవార్లూ కూర్చున్నాం. డెబ్భై ఏళ్ల మనిషికి ఆ పాట్లు పెట్టలేం. మోటెల్లో దిగితే అమ్మకి వంట కుదరదు. వంటిల్లూ బాత్రూమూ మంచమూ ఉన్న ట్రెయిలర్‌ని ట్రక్కుకి తగిలించుకుని పోతే గొడవే ఉండదు కదా అనుకున్నాం.

మొదటి శనివారమే హైవే పక్కన ఒక పెద్ద షాపుకి వెళ్లాం. 29 అడుగుల ట్రెయిలర్ ఎక్కించి చూపించారు. బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి హాలు వెడల్పవుతుంది. పిల్లలకి బంకు మంచాలు, సోఫా, ఉత్తుత్తి ఫైర్‌ప్లేసు కూడా ఉన్నాయి. మా ఆవిడ అప్పటికే కర్టెన్లు మార్చాలంటోంది. సేల్స్‌మన్ నా ట్రక్కు ఇంజనేదని అడిగాడు. 2.7 ఎకోబూస్ట్, ట్రెయిలర్ లాగడానికి పనికొచ్చే టో ప్యాకేజీ కూడా ఉందన్నాను. "8,000 పౌండ్లు లాగుతుంది. ఇది ఖాళీగా 5,600. కళ్లు మూసుకుని కట్టుకుపోండి" అన్నాడు. నెలకి కిస్తీ ఎంతో కాగితం మీద రాసి నా ముందుకి జరిపాడు.

అడ్వాన్సు కట్టేముందు ప్లేనోలో ఉండే అన్నకి ఫోన్ చేశాను. వరసకి అన్న కాదు, కాలేజీలో సీనియర్. పదేళ్లుగా ట్రెయిలర్ కట్టుకుని తిరుగుతున్నాడు. "తమ్ముడూ, సంతకం పెట్టకు. ముందు నీ ట్రక్కు డ్రైవర్ తలుపు తీసి, పక్క స్తంభం మీద పసుపు పట్టీ ఉన్న స్టిక్కరు చదువు" అన్నాడు. రెండేళ్లుగా రోజూ తీస్తున్న తలుపే అది, ఆ స్టిక్కరు నేనెప్పుడూ చూడలేదు. మనుషులూ సామానూ కలిపి 1,480 పౌండ్లు దాటకూడదని ఉంది. "అదీ నీ పేలోడు. 8,000 సంగతి మర్చిపో" అన్నాడు అన్న.

సంగతేమిటంటే, ట్రెయిలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. పదిలో ఒక వంతు నుంచి ఏడో వంతు దాకా ముందు కొక్కెం మీద, అంటే ట్రక్కు నెత్తిన పడుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. పది శాతం కన్నా తగ్గితే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, అదుపు తప్పితే ట్రక్కుని కూడా తిప్పేస్తుంది. కాబట్టి ఆ బరువు ఉండి తీరాలి, ఉన్నదంతా పేలోడు ఖాతాలోకే పోతుంది. నాకు ఇది అరగంట వీడియోలు చూస్తే తలకెక్కింది. అమ్మకి అరనిమిషం. "మా నాన్న బండికి బస్తాలు ఎక్కించేటప్పుడు చూసేదాన్ని. వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది, మరీ ముందుకి వేస్తే ఎద్దు మెడ విరుగుతుంది. అంతేగా?" అంది. అంతే.

ఆ రాత్రి బాత్రూములో బరువు చూసే మిషన్ హాల్లోకి తెచ్చి ఇంటిల్లిపాదినీ ఎక్కించాను. నేను 185, మా ఆవిడ 140, పిల్లలు 90, 55. అమ్మ ఎక్కి కిందికి చూసి "నూట ముప్పై అయిదా!" అని గుండె మీద చెయ్యేసుకుంది. పౌండ్లమ్మా, కిలోలు కావు అని చెప్పాక గానీ ఊపిరి తీసుకోలేదు. మొత్తం 605. మిగిలింది 875. ట్రక్కు తొట్టి మీద మూత, లోపల రబ్బరు మ్యాటు కలిపి 75. కుర్చీలు, ఐసుపెట్టె, కట్టెలు, పిల్లల సైకిళ్లు 150. ట్రెయిలర్ బరువుని ట్రక్కు ముందు చక్రాలకీ, దాని సొంత చక్రాలకీ పంచే ప్రత్యేకమైన హిచ్ కావాలి, అది ఒక్కటే 90. చివరికి కొక్కెం మీద పెట్టడానికి మిగిలింది 560 పౌండ్లు. పదమూడు శాతం లెక్కన చూస్తే సామానంతా సర్దిన ట్రెయిలర్ 4,300 దాటకూడదు. 8,000 కాస్తా సగానికి దిగింది.

సేల్స్‌మన్ చెప్పిన 5,600 కూడా ఖాళీ బరువే. గిన్నెలు, దుప్పట్లు, బియ్యం, నీళ్లు ఏవీ అందులో లేవు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే అదే 250. నిండా సర్దాక ట్రెయిలర్ మొత్తం బరువు ఎంత దాటకూడదో దాని బయటగోడ మీద ముందు మూల స్టిక్కరుంటుంది. ఆ 29 అడుగులదానికి అది 7,000. పదమూడు శాతమంటే 910. నా దగ్గరున్నది 560. షాపుకి మళ్లీ వెళ్లి ఈ లెక్క చూపిస్తే ఆయన "ఇక్కడ అందరూ ఇలాగే కడుతున్నారండీ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. కాగితం వెనక్కి జరిపి వచ్చేశాను. ఆయన మీద నాకు కోపం లేదు గానీ ఆ కాగితం మీద కిస్తీ తప్ప ఇంకో అంకె లేకపోవడం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

తర్వాత రెండు నెలలు 4,300 లోపు ఏమున్నాయో చూడటమే పని. మడతపెట్టే పాప్-అప్‌లు తేలిక, కానీ గోడలు గుడ్డవి, మళ్లీ వాన గుర్తొచ్చింది. మిన్నెసోటాలో తయారయ్యే స్కాంప్ లాంటి గుడ్డు ఆకారపు ఫైబర్‌గ్లాస్ ట్రెయిలర్లు ముచ్చటగా ఉంటాయి, కారడం తక్కువ, అయిదుగురికి చాలవు. వెండిలా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్ చూడగానే మనసు పోతుంది, ధర చూడగానే తిరిగొస్తుంది.

ఇక మిగిలింది వాడిన మామూలు ట్రెయిలర్లు. వీటికి ప్రాణగండం నీళ్లే. పైకప్పు రబ్బరు పొర అంచుల్లో, గాలి గొట్టాల చుట్టూ పూసిన సీలెంటు పగిలితే వాన చుక్కచుక్కగా దిగి లోపలి చెక్కని నానబెడుతుంది. పైకి ఏళ్ల తరబడి ఏమీ కనబడదు. డెంటన్ దగ్గర ఒకాయన ఇంట్లో 2017ది చూశాం. తళతళలాడుతోంది. నేను నిచ్చెనెక్కి కప్పు చూశాను, నేల మూలల్లో మడమతో తొక్కాను, బాగానే ఉన్నట్టు తోచింది. టైర్ల మీద చివరి నాలుగంకెలు 3816, అంటే 2016లో 38వ వారం తయారీ. ఎంత తక్కువ అరిగినా ఏడేళ్లు దాటిన ట్రెయిలర్ టైరుని నమ్మకూడదని అన్న చెప్పాడు, దానికి ధర తగ్గించమంటే ఆయన ఒప్పుకున్నాడు కూడా. దాదాపు కొనేసినట్టే. అంతలో అమ్మ పడకమంచం పక్క అల్మారా తీసి, తల లోపలికి పెట్టి, "ఒరే, ఇది ముక్కిపోయిన బియ్యం వాసనొస్తోందిరా" అంది. లోపల సెంటు బిళ్ల ఒకటి వేలాడుతోంది. అది తీసి బయట పెట్టి తలుపులన్నీ మూసి పది నిమిషాలాగి మళ్లీ తెరిచాం. ఈసారి నాకూ తెలిసింది. అల్మారా వెనక గోడని బొటనవేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోయింది. ఆయన నిజంగానే తెల్లబోయాడు. ఆయనకీ తెలియదనుకుంటాను.

చివరికి మెకిన్నీలో ఒక రిటైరైన దంపతుల దగ్గర 21 అడుగులది దొరికింది. ఖాళీగా 3,480, నిండితే 4,400, కానీ మేం 4,300 లోపే సర్దుకోవాలి. వెనక రెండు బంకులు, ముందు మంచం, మధ్య భోజనం బల్ల, దాన్ని దించి పరుపేస్తే అమ్మకి పడక. ముందు మంచం మూడు వైపులా గోడే కాబట్టి లోపలున్నవాళ్లు లేవాలంటే పక్కవాళ్లని దాటి రావాలి, రాత్రి రెండుసార్లు లేచే అమ్మకి అది కుదరదు. బల్ల పడక బాత్రూము తలుపుకి ఎదురుగానే ఉంది. నమూనా బొమ్మల్లో ఎన్ని చూసినా ఇలాంటివి తెలియవు, అక్కడ పడుకుని లేచి చూడాల్సిందే. మేం అయిదుగురం అరగంట పడుకుని లేచాం, ఆ పెద్దావిడ నవ్వుతూ నిమ్మరసం ఇచ్చింది. ఇంటి ముందు పెట్టుకోనివ్వదు మా కాలనీ సంఘం, అందుకు నెలకి అద్దె కట్టి బయట స్థలం తీసుకున్నాం. అది వేరే ఏడుపు.

మొదటి ప్రయాణం దగ్గర్లోనే, టెక్సోమా సరస్సు ఒడ్డున ఐజన్‌హోవర్ స్టేట్ పార్కుకి. అమ్మ వెట్ గ్రైండర్ మూటగట్టి గుమ్మంలో పెట్టింది. 25 పౌండ్లు. లెక్క తేలేదాకా వద్దమ్మా అని లోపల పెట్టించాను. మూడు రోజులు పిండి లేకుండా ఎలా అని దారి పొడుగునా మాట్లాడలేదు.

దారిలో ట్రక్కులు ఆగే చోట క్యాట్ స్కేల్ మీదికెక్కాను. పొడవాటి కాటా. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి రెండోదాని మీద, ట్రెయిలర్‌వి మూడోదాని మీద నిలపాలి. ముందూ వెనకా పద్దెనిమిది చక్రాల లారీలు, మధ్యలో మేం. లోపలివాళ్లని పిలిచే మీట పెద్ద లారీ డ్రైవర్‌కి అందే ఎత్తులో ఉంది, నేను కిటికీలోంచి నడుము దాకా బయటికి వాలి నొక్కాను. లోపలినుంచి ఒకామె గొంతు కంపెనీ పేరూ బండి నంబరూ అడిగింది. కంపెనీ లేదండీ, సొంతం అన్నాను. లోపలికెళ్లి చీటీ తెచ్చుకున్నాను. ముందు ఇరుసు 2,960, వెనక ఇరుసు 3,560, ట్రెయిలర్ 3,680. ట్రక్కు మీద మొత్తం 6,520. ట్రక్కు సొంత బరువుతో కలిపి తలుపు మీద రాసిన హద్దు 6,600.

చీటీ మా ఆవిడకిచ్చాను, ఆమె వెనక్కి అమ్మకిచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని నాలుగంకెలూ చదివి, హద్దెంత అని అడిగింది. చెప్పాను.

"80 మిగిలింది కదరా. గ్రైండరు 25."

రెండో ట్రిప్పు నుంచి గ్రైండరు వస్తోంది. ట్రెయిలర్‌లోనే, ఇరుసుకి సరిగ్గా పైన, బల్ల కింద తాడుతో కట్టి.