పేరు ఉంది, సైజు ఉంది, లోపల ఫొటో లేదు

పోయిన నెల ఇంట్లో సర్వర్‌గా వాడుతున్న పాత డెస్క్‌టాప్‌లో 4 టీబీ డిస్క్‌ని రెండు ముక్కలు చేద్దామని కూర్చున్నా. డిస్క్ మొత్తం ఒకటే పార్టిషన్ (డిస్క్‌లో గీసుకున్న భాగం), దాని లోపల ఈఎక్స్‌టీ4, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో లెక్క పెట్టుకునే లినక్స్ ఫైల్‌సిస్టమ్, అందులో పన్నెండేళ్ల ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాయితాలు. చివర్లో 500 జీబీ విడదీసి వేరేగా పెట్టుకుందాం అని. అన్‌మౌంట్ చేశా, అంటే సిస్టమ్ నుంచి విడదీశా, పార్టిషన్లు మార్చే పార్టెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి సైజు మార్చే రీసైజ్‌పార్ట్ కమాండ్ కొట్టా, చిన్నది చేస్తే డేటా పోవచ్చు సరేనా అని అడిగింది, డిస్క్ సగం కూడా నిండలేదు కదా చివర్లో ఏముంటుందిలే అనుకుని ఎస్ అన్నా. మిగిలిన జాగాలో కొత్త పార్టిషన్ పెట్టి, దాని మీద కొత్త ఫైల్‌సిస్టమ్ రాసే ఎంకేఎఫ్ఎస్ కూడా కొట్టేశా. తర్వాత పాతదాన్ని మౌంట్ చేయబోతే, బ్లాకుల లెక్క డివైస్ సైజుని మించిపోయింది అని కెర్నల్ ఎర్రర్. చేతులు చల్లబడిపోయాయి.

ఇక్కడ రెండు తప్పులు చేశా. పార్టిషన్ టేబుల్‌కి తెలిసేది ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అనే, లోపల ఫైల్‌సిస్టమ్ లెక్క దానిదే. పార్టెడ్ 3.0 నుంచి ఫైల్‌సిస్టమ్ జోలికి పోదు, టేబుల్‌లో నంబర్ మారుస్తుంది అంతే, అంచేత ముందు రీసైజ్2ఎఫ్ఎస్‌తో లోపలిది తగ్గించి ఆ తర్వాతే పార్టిషన్ తగ్గించాలి. రెండోది, సగం ఖాళీ అంటే చివర ఖాళీ అని కాదు. ఈఎక్స్‌టీ4 డిస్క్‌ని 128 ఎంబీ గ్రూపులుగా విడగొట్టుకుని, పై స్థాయి ఫోల్డర్లని కావాలనే దూరదూరంగా సర్దుతుంది. నా ఫోల్డర్లు కొన్ని సరిగ్గా ఆ చివరి 500 జీబీలోనే ఉన్నాయి.

ఆ కంగారులో ఒక మంచిపని చేశా. ఫైల్‌సిస్టమ్‌ని పరీక్షించి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ సైజు వగైరా రాసి ఉండే చోటు) గానీ పార్టిషన్ టేబుల్ గానీ పాడైనట్టుంది, ఆపేయనా అని అడిగింది, ఆపేయమన్నా. అక్కడ ఆపొద్దు, కానివ్వు అని ఉంటే చివర ఉన్నవన్నీ లేనట్టే లెక్కేసి వాటి ఆనవాళ్లు కూడా తుడిచేసేది. కొత్త పార్టిషన్‌ని కూడా మౌంట్ చేయలేదు, ఎందుకంటే ఐనోడ్ టేబుళ్లని, అంటే ఒక్కో ఫైల్ వివరాలు రాసుకునే పట్టికలని, సున్నాలతో నింపే పని మౌంట్ అయ్యాకే వెనకాల మొదలవుతుంది. ఇంకో డిస్క్ తెచ్చి డీడీరెస్క్యూతో మొత్తం కాపీ తీశా, ఏడెనిమిది గంటలు పట్టింది, అసలు డిస్క్ పీకి పక్కన పెట్టేశా. ఆ తర్వాత చేసినవన్నీ కాపీ మీదే.

పాత పార్టిషన్ ఎక్కడ అయిపోయేదో నేను రాసిపెట్టుకోలేదు, కానీ సూపర్‌బ్లాక్‌లో ఉంది. దాన్ని చదివే డంప్‌ఈ2ఎఫ్‌ఎస్ చూపించిన బ్లాకులు 976754176, ఒక్కో బ్లాక్ 4 కేబీ అంటే 512 బైట్ల సెక్టార్లు 8, కాబట్టి 7814033408 సెక్టార్లు, మొదలు 2048 దగ్గర, అంటే ఆఖరి సెక్టార్ 7814035455. కొత్త పార్టిషన్ తీసేసి పాతదానికి ఆ నంబర్ ఇచ్చి రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే ఫోల్డర్లన్నీ వచ్చేశాయి! అయిపోయింది అనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నా.

అయిపోలేదు. మర్నాడు ఒక ఆల్బమ్ తెరిస్తే పేరు సరిగ్గానే ఉంది, సైజు 4 ఎంబీ, అదీ సరిగ్గానే ఉంది, ఫొటో మాత్రం తెరుచుకోదు. హెక్స్‌లో, అంటే లోపలి బైట్లనే నేరుగా చూస్తే, అన్నీ సున్నాలు. ఎంకేఎఫ్ఎస్ అంటే పైపైన ఏదో రాస్తుంది అనుకుంటాం గానీ ఇంత పెద్ద పార్టిషన్‌కి జర్నల్ (మార్పులని ముందుగా రాసుకునే చోటు) పేరుతోనే సుమారు ఒక జీబీ సున్నాలు రాసేస్తుంది, అవి పడ్డ చోట నా ఫొటోలు ఉన్నాయి. కొన్నింట్లో పైసగం మనుషులు, కిందసగం బూడిదరంగు. ఇదే ఎస్ఎస్‌డీ అయ్యుంటే ఎంకేఎఫ్ఎస్ ముందుగానే ట్రిమ్ (ఈ జాగాలో ఉన్నది ఇక అక్కర్లేదు అని డిస్క్‌కి చెప్పే కమాండ్) పంపేస్తుంది కాబట్టి ఆ 500 జీబీలో తిరిగి తెచ్చుకోడానికి ఏమీ మిగిలేది కాదేమో.

అందుకే రికవరీ అయింది అని ఎవరైనా చెప్తే నేనిప్పుడు ఫైల్స్ లిస్ట్ చూసి నమ్మను. ప్రతి జేపెగ్‌ని జేపెగ్‌ఇన్ఫోతో, ప్రతి వీడియోని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో చివరిదాకా డీకోడ్ చేయించి ఎర్రర్ వచ్చినవి ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి తీశా, రెండు రోజులు నడిచింది. బాగున్నవన్నీ వేరే డిస్క్‌కి ఎక్కించాకే కాపీ మీద ఎఫ్‌ఎస్‌సీకే పూర్తిగా నడిపా. లాస్ట్ ఫౌండ్ ఫోల్డర్‌లోకి రెండొందల పైన ఫైల్స్ వచ్చాయి, పేర్లు పోయి ఉత్త ఐనోడ్ నంబర్లు, ఎగ్జిఫ్ తేదీ (కెమెరా ఫొటో ఫైల్‌లోనే రాసే తేదీ) ఉన్నవాటికి ఎగ్జిఫ్‌టూల్‌తో తేదీనే పేరుగా పెట్టా. ఫొటోరెక్ కూడా చూశా, అది జేపెగ్ మొదటి బైట్లు పట్టుకుని వెతుకుతుంది, పేర్లూ ఫోల్డర్లూ ఇవ్వదు, కానీ నేనెప్పుడో డిలీట్ చేసినవి నాలుగైదు బయటపడ్డాయి.

ఇప్పుడు ఆ డిస్క్ ఎల్‌వీఎం (జాగాని తర్వాత పెంచి తగ్గించుకోగల వాల్యూములుగా పంచే పద్ధతి) మీద ఉంది, తగ్గించాలంటే ఎల్‌వీరెడ్యూస్‌కి రీసైజ్ఎఫ్ఎస్ ఆప్షన్ ఇస్తే ఫైల్‌సిస్టమ్, వాల్యూమ్ రెండూ సరైన వరసలో అదే చూసుకుంటుంది. పార్టిషన్ టేబుల్‌ని కూడా ఎస్‌ఎఫ్‌డిస్క్‌తో డంప్ తీసి ఇంకో మెషిన్‌లో పెట్టా.

చివరికి పాడైపోయినవి 41 ఫొటోలు. 26 పాత ఫోన్‌లో దొరికాయి. మిగతా 15 పేర్ల లిస్ట్ ఇంట్లోవాళ్లందరికీ పంపా, ఎప్పుడో ఎవరికో షేర్ చేసి ఉంటే వాళ్ల ఫోన్లలో వెతకమని. నిన్న ఒకటి వచ్చింది, సైజు తగ్గిపోయి మసకమసకగా ఉంది, అయినా మనుషులు గుర్తుపట్టేలా ఉన్నారు.