పాలు పడలేదన్నారు

మా బాబు 2022 జూన్ చివర్లో సిజేరియన్‌తో పుట్టాడు. వాణ్ణి నా పక్కలోకి తెచ్చేసరికే డబ్బా పాలు పట్టేశారు. "ఇంకా పాలు పడలేదు కదమ్మా, పిల్లాడు ఆకలికి ఆగలేడు" అంది నర్సు. నేనూ నమ్మేశాను. ఆపరేషన్ అయినవాళ్ళకి పాలు దిగడానికి మూడు నాలుగు రోజులు పట్టొచ్చని, అప్పటిదాకా చిక్కగా పచ్చగా వచ్చే ముర్రుపాలు చెంచాడే అయినా మొదటి రోజు పసిపొట్టకి అదే చాలని ఆ గదిలో ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

కోనసీమలో పి.గన్నవరం పక్క, గోదావరి పాయల మధ్య లంకలో ఉన్న మా పుట్టింటికి వచ్చేసరికి రోజుకి ఏడెనిమిది సీసాలు అలవాటైపోయాయి. రొమ్ము అందిస్తే వెనక్కి విరుచుకుని ఏడ్చేవాడు. సీసాలో పాలు వాటంతటవే కారతాయి, ఇక్కడ కష్టపడి లాగాలి. వాడు లాగకపోతే నాకు పాలు ఊరవు, ఊరకపోతే ఇంకో సీసా. రాత్రుళ్ళు వాడితో పాటు నేనూ ఏడ్చేదాన్ని.

ఏడో రోజున మా ఊరి ఆరోగ్య కార్యకర్త, ఆశా అక్క వచ్చింది. బాబుని గుడ్డసంచిలో పెట్టి తూచింది. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందలు, ఇప్పుడు రెండు ఆరు వందల యాభై. నా గుండె జారిపోయింది. "మొదటి వారం కొంచెం తగ్గుతారమ్మా, రెండు వారాలకి పుట్టిన బరువుకి రావాలి. ముందు నువ్వు ఎలా పడుతున్నావో చూపించు" అని నా పక్కనే మంచం మీద కూర్చుంది.

తప్పంతా పట్టుకోవడంలోనే ఉంది. నేను చనుమొన ఒక్కటే వాడి నోట్లో పెడుతున్నాను. అందుకే నాకు పుళ్ళు, వాడికి పాలు రావు. నోరు బాగా తెరిచేదాకా ఆగి, మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి పోయేలా, గడ్డం రొమ్ముకి ఆనేలా దగ్గరికి తీసుకోమంది. కుట్ల మీద బరువు పడకుండా వాడి కాళ్ళు నా చంక కిందుగా వెనక్కి పెట్టి, కింద దిండు వేసింది. మొదటిసారి 'గుటక్' మన్న చప్పుడు విన్నాను. ఆ చప్పుడు కోసం ఏడు రోజులు కాచుకున్నాను.

ఆమె చెప్పిన పద్ధతి ఇది: పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు రెండు వైపులా పట్టాలి, ఆ తర్వాతే డబ్బా పాలు, అదీ సీసాతో కాదు. బరువు పెరుగుతుంటేనే డబ్బా పాలు కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపకూడదు. రోజుకి కనీసం ఆరు గుడ్డలు తడుపుతున్నాడో లేదో లెక్కపెట్టుకోవాలి. రాత్రి రెండింటికి వాడు నిద్రపోతున్నా లేచి చేత్తో పాలు పిండమంది, రాత్రిపూట పాలు ఎక్కువ ఊరతాయట.

సీసా వద్దనగానే మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. మా అమ్మకీ, నాకూ పట్టిందే. పాలు పోసే గిన్నె ముక్కు అంచు ఒక పక్క సొట్ట పడింది. దాన్ని మరిగించి, పిండిన పాలు పోసి, బాబు తల కాస్త ఎత్తి, ముక్కు వాడి కింది పెదవికి ఆనించేది. పోసేది కాదు. వాడే నాలిక చాపి జుర్రుకునేవాడు. పది చుక్కలు, ఆగడం, మళ్ళీ పది చుక్కలు. "దూడ కుడిస్తేనే ఆవు చేపుద్దే, తొందరపడితే ఎలా" అనేది.

ఆ గిన్నెలోనే ఆముదం, వస అరగదీసి తేనె కలిపి పోద్దామంది. అది మాత్రం ఒప్పుకోలేదు. ఏడాది లోపు పిల్లలకి తేనె వద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో విషం పుట్టించవచ్చట. అమ్మమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదన్న అమ్మ మాటా వినలేదు, దాహం వేసినప్పుడల్లా తాగాను. కానీ తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం వేడన్నంలో రోజూ పెడితే వద్దనలేదు. పాలు పెంచింది ఆ కూరా, వాడు లాగడమా అంటే వాడు లాగడమే అంటాను. నన్ను నిలబెట్టింది మాత్రం ఆ కంచమే.

మూడో వారానికి డబ్బా పాలు రోజుకి రెండుసార్లకి తగ్గాయి. అప్పుడే గోదావరి పొంగింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ జూలైలో 25 లక్షల క్యూసెక్కులు పైనే వదిలారు. అర్ధరాత్రి పక్కింటి పిన్ని వాళ్ళ డాబా ఎక్కాం. కరెంటు లేదు, గ్యాసు పొయ్యి కింద నీళ్ళలో ఉంది. డబ్బా చేతిలోనే ఉంది, కలపడానికి కాచిన నీళ్ళు లేవు. చుట్టూ ఉన్నదంతా బురదనీరు. ఆ నీళ్ళతో కలిపి పడితే విరేచనాలు పట్టుకుంటాయి, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి దారి లేదు.

"86 వరదలో మీ చిన్న మావయ్య చంటోడు. బడి మీద నాలుగు రోజులున్నాం, నా పాలతోనే బతికాడు. పట్టు" అంది అమ్మమ్మ. పట్టాను. గంటకోసారి, ఒక్కోసారి అరగంటకే. రెండో రోజు సాయంత్రానికి తడిసిన గుడ్డలు పిట్టగోడ మీద ఆరేసి లెక్కపెట్టాను. ఏడు.

నీళ్ళు తీశాక ఆశా అక్క చెప్పుల్లేకుండా బురదలో నడుచుకుంటూ వచ్చింది. మూడు కిలోల నాలుగు వందలు. ముల్లు ఆగేదాకా ఎవరమూ ఊపిరి తీసుకోలేదు. మళ్ళీ డబ్బా తియ్యలేదు. ఆరో వారం టీకాలు వేయించాం, ఆరు నెలలు నా పాలే.

ఎంత చేసినా పాలు సరిపోని తల్లులుంటారు. వాళ్ళకి డబ్బా పాలే దిక్కు, వాళ్ళనెవరూ ఒక్క మాట అనకూడదు. కానీ "పడలేదు" అని తేల్చేముందు ఎవరైనా పక్కన కూర్చుని, బిడ్డ ఎలా పట్టుకుంటున్నాడో చూడాలి. నాకు కావాల్సింది ఆ అరగంటే.

ఉగ్గుగిన్నె ఇప్పుడు మా పెదనాన్న కూతురి దగ్గరుంది. దాని పాప నెలలు నిండకుండా పుట్టింది, ఇంకా లాగే బలం లేదు. రోజూ పిండి పడుతోంది. నిన్న ఫోన్ చేసి, ముక్కు సొట్ట ఉన్న వైపు పట్టాలా రెండో వైపు పట్టాలా అని అడిగింది.