పెట్టె జిప్పు మొరాయించినప్పుడు

ప్రయాణపు పెట్టె జిప్పు బిగుసుకుపోగానే చాలామంది బలంగా లాగుతారు. జిప్పుకు ఎక్కువ హాని జరిగేది అప్పుడే. లోపలి అస్తరు గుడ్డ రన్నర్‌లో (పళ్ల మీద జరుగుతూ జిప్పును తెరిచి మూసే ముక్కలో) చిక్కుకుంటే, ఒక చేత్తో గుడ్డను పక్కకు బిగించి పట్టుకుని, రెండో చేత్తో రన్నర్‌ను వచ్చిన దారినే కొద్దికొద్దిగా వెనక్కి నడపాలి. గుడ్డ ఏదీ అడ్డం లేకపోతే, పాత బ్రష్షుతో పళ్ల మధ్య దుమ్ము దులిపి, కొవ్వొత్తినో పొడి సబ్బునో వాటి వెంట రుద్దితే తరచూ సరిపోతుంది. నూనె మాత్రం వద్దు. అది దుమ్మును పట్టి ఉంచడమే కాక బట్టలకు మరకలు అంటిస్తుంది.

రన్నర్ సాఫీగా కదులుతున్నా దాని వెనుక జిప్పు విచ్చుకుపోతుంటే, పళ్లు బాగానే ఉన్నప్పుడు, లోపం సాధారణంగా రన్నర్‌దే. రెండు వరుసల పళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడేలా నొక్కే దాని లోహపు అంచులు వాడకంతో కొంచెం ఎడమవుతాయి. జిప్పును పూర్తిగా తెరిచి, వరుసలు కలిసి బయటికి వచ్చే వైపున రన్నర్ అంచులను ఇరుపక్కలా సమానంగా, అతి స్వల్పంగా ప్లయర్‌తో నొక్కి, నొక్కిన ప్రతిసారీ నడిపి చూడాలి. ఆత్రపడితే ఆ లోహం విరిగిపోవచ్చు. ఈ కాస్త ఓపిక లేకనే ఎన్నో మంచి పెట్టెలు చెత్తకుప్ప పాలవుతున్నాయని నాకు బాధగా ఉంటుంది.

లాగే పిడి ఊడితే తాళంచెవుల రింగు దాని పని చేస్తుంది. పళ్లే ఊడిపోతే, గమ్యం చేరేవరకు పెట్టె చుట్టూ గట్టి పట్టీ బిగించి, తరువాత జిప్పు మొత్తం మార్పించాలి.