పురికొసలో ముడి

ఇంట్లో ఇంకో తాడే లేనట్టు ఈయన పాతపేపర్ల కట్టకి ఆ పురికొసే చుట్టారు. నేను ముడేసి తెచ్చుకున్నది! "ముడి ఉంటే విప్పానోయ్, దానికేంటి?" అట. ఆ ముడే కదండీ నా కొలత. పదకొండున్నరైంది, నిద్ర రావట్లేదు.

పెద్దచెట్ల చుట్టుకొలతలు తీసి ఓ నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకలవాటు. ఇవాళ మా అత్తగారి ఊరి రచ్చబండ చింత వంతు. చుట్టుకొలత నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున తియ్యాలి, అటవీశాఖ లెక్కలో 1.37 మీటర్లు. సరే, ఏ నేల? చెట్టు చుట్టూ కొత్తగా రెండడుగుల అరుగు లేపారు. లేపనీ, కూర్చోడానికేగా. కానీ మానుకి ఆనించి, వేలు దూరే సందైనా లేకుండా టైల్స్ పరిచేశారు. వానొస్తే నీళ్ళెక్కడ దిగాలి? పైగా మానుకి మేకులు, మేకులకి ఫ్లెక్సీ తాళ్ళు. నేను చూస్తుంటే ఒకాయనొచ్చి "మంచిగైంది కదా మేడమ్?" అన్నాడు. తలూపి ఊరుకున్నా. అదీ నా బతుకు.

అరుగెక్కి టైలరు టేపుతో తీస్తే 15 అడుగుల 7 అంగుళాలు. కానీ అసలు నేల లెక్కన అయితే అరుగు మీంచి రెండున్నర అడుగుల దగ్గరే చుట్టాలి. అక్కడ మాను ఇంకా లావు, నిండా గండుచీమలు. పురికొస గబగబా తిప్పి, ముడేసి, ఇంటికెళ్ళి కొలుద్దాంలే అని సంచిలో పడేశా.

అమ్మమ్మ ఊళ్ళో ఇన్ని తిప్పలెక్కడివి! అక్కడి చింత నాలుగు బారలు. మేం నలుగురం చేతులు పట్టుకుని చుట్టూ నిలబడితే జానెడు తక్కువొచ్చేది. ఆ జానెడు కోసం చిన్నోడు చొక్కా విప్పి ఓ కొస నాకిచ్చి, రెండో కొస పళ్ళతో పట్టుకున్నాడు. చొక్కా చిరిగింది. చెంపలు బెరడుకి గీసుకుని మంట. "పొద్దుగూకాక చింతకింద ఏంట్రా?" అని అమ్మమ్మ కేక. మరుసటేడు సెలవుల్లో చొక్కా అవసరం రాలేదు. చెట్టు చిక్కిపోయిందని చిన్నోడు ఒకటే ఏడుపు.

అసలు చుట్టుకొలతకి ఇంత రాద్ధాంతమెందుకులే అని కూడా అనిపించింది. మన పిల్లలమర్రిలో మొదలేదో ఊడేదో ఎవరు తేలుస్తారు? తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్‌కెక్కింది కొమ్మలు పరుచుకున్న వైశాల్యం చూసి, దాదాపు అయిదెకరాలు. హౌరా మర్రికైతే 1925లో అసలు మొదలే తీసేశారు, చెట్టు నిక్షేపంగా ఉంది.

కాదు కాదు, అవి మర్రులు. చింతకి ఊడల్లేవు, ఉన్నది ఆ ఒక్క మొదలే. దాన్ని టైల్స్‌లో బిగించారు. వచ్చే ఏడు లావెక్కిందో లేదో దేనితో పోల్చను?

ఇప్పుడే లేచి కట్ట విప్పి చూశా. ముడిపడ్డ చోట పురికొస నలిగి తెలుస్తూనే ఉంది. అలా నలిగిన చోట్లు మూడున్నాయి.