చివరి తూటాకి బోల్ట్ ఆగాలి

శనివారం. టెక్సస్‌లో ఈ మాత్రం చలి పడటం తక్కువే, అందుకే వదులుకోబుద్ధి కాలేదు. ఇంట్లో నేనే పౌడర్ నింపుకున్న, చప్పుడు తక్కువ చేసే నెమ్మది తూటాలు పరీక్షిద్దామని పొద్దున్నే రైఫిల్, సప్రెసర్ (కాల్పు చప్పుడు తగ్గించే గొట్టం), క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) కారులో పెట్టుకుని షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను.

బుల్లెట్ శబ్దాన్ని దాటి వెళ్తే ఠప్పుమంటుంది, ఆ శబ్ద వేగం గాలి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 1,125 అడుగులు, సున్నా దగ్గర 1,087. ఆగస్టు ఎండలో 1,110 అడుగుల వేగంతో గమ్మున వెళ్లిన బుల్లెట్ ఇవాళ్టి చలిలో ఠప్పుమంటుంది. ఎండాకాలం లోడ్‌ని (తూటాలో నింపిన పౌడర్ కొలతని) చలిలో కొలవకుండా నేను నమ్మను. నాకు 1,040 చుట్టుపక్కల ఉంటే చాలు.

నా రైఫిల్ 300 బ్లాకౌట్ అనే రకం తూటాది, బుల్లెట్ బరువు 220 గ్రెయిన్లు (సుమారు 14 గ్రాములు). చిక్కంతా ఒక్కచోటే. నెమ్మదిగా వెళ్లాలంటే పౌడర్ తగ్గాలి, పౌడర్ తగ్గితే బోల్ట్‌ని (ఖాళీ కేసుని బయటికి లాగి కొత్త తూటా ఎక్కించే భాగాన్ని) వెనక్కి నెట్టే గ్యాస్ కూడా తగ్గుతుంది. చటుక్కున కాలిపోయే పౌడర్ అయితే బుల్లెట్ గ్యాస్ పోర్ట్ (బ్యారెల్‌లోంచి ఆ గ్యాస్‌ని తీసుకునే రంధ్రం) దాటేలోపే ఒత్తిడి పడిపోతుంది. కాస్త నిదానంగా కాలేది, అక్యురేట్ 1680 లాంటిది, అదే వేగానికి పోర్ట్ దగ్గర ఎక్కువ ఒత్తిడి మిగులుస్తుంది. సప్రెసర్ గ్యాస్‌ని కాసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి అదీ సాయమే. కాకపోతే ఆ పొగంతా కళ్లలోకి కొడుతుంది.

మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టి కాల్చడం నా పరీక్ష. బోల్ట్ వెనక్కి వెళ్లి అక్కడే ఆగితే సరే. మొదటి బ్యాచ్‌లో ఖాళీ కేసు బయటికొచ్చి నా బూటు పక్కనే పడింది, బోల్ట్ మాత్రం ముందుకొచ్చి మూసుకుంది. అంటే బొటాబొటీ. పౌడర్ కొంచెం పెంచిన రెండో బ్యాచ్‌లో కేసులు కుడివైపు నాలుగడుగుల దూరంలో ఒకేచోట పడ్డాయి, బోల్ట్ ప్రతిసారీ ఆగింది.

ఇంకో సంగతి చూశాను. ఇంత తక్కువ పౌడర్‌తో కేసులో కొంత ఖాళీ మిగులుతుంది. రైఫిల్ మూతి కిందికి వంచి లేపి కాలిస్తే పౌడర్ బుల్లెట్ వైపు చేరుతుంది, మూతి పైకెత్తి దించితే ప్రైమర్ (పౌడర్‌ని అంటించే అడుగు భాగం) వైపు చేరుతుంది. ఈ రెండింటి మధ్య క్రోనోగ్రాఫ్‌లో ముప్ఫై అడుగులకు పైగా తేడా. బెంచ్ మీద కూర్చుని కాల్చిన సగటు చూసి మురిసిపోయేవాళ్లు ఇదొకసారి చేసి చూడాలి.

ఎంత నిశ్శబ్దం కోసమైనా లోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠ పౌడర్ కిందికి నేను దిగను. బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటే, వెనకాల ఇంకోటి పేలిస్తే, అంతే సంగతులు. ఈ తూటాల్ని .223 అనే ఇంకో రకం తూటాల డబ్బాల దరిదాపుల్లో కూడా పెట్టను. .223 రైఫిల్‌లో ఇవి పొరపాటున పట్టేసి పేలిన కథలు చాలా విన్నాను. సప్రెసర్ పెట్టినా సినిమాల్లో లాగా ‘ఫుస్’ అని కూడా ఏమీ అనదు, బోల్ట్ కొట్టుకునే చప్పుడే గట్టిగా వినిపిస్తుంది.

సాయంత్రం గ్యారేజీలో తూకం వేస్తుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, “కొట్లో బంగారం కూడా ఇంత జాగ్రత్తగా తూచరండీ” అంది. గ్రెయిన్‌లో పదో వంతు తేడా అని చెప్పబోతే వినకుండానే వెళ్లిపోయింది.

రెండో బ్యాచ్ లోడ్ ఖాయం చేశాను. వచ్చే వారం తేలికపాటి బఫర్ (బోల్ట్ వెనక ఉండే బరువు) వేసి, మొదటి బ్యాచ్‌తో బోల్ట్ ఆగుతుందేమో చూడాలి. దాని వేగం ఇంకా తక్కువ కాబట్టి ఆ ఆశ వదల్లేకపోతున్నాను.