రూపాయికి ఎంత కర్బనం?

మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు తమ పర్యావరణ, సామాజిక బాధ్యతలను వివరించే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఇవ్వడాన్ని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022–23 ఆర్థిక సంవత్సరం నుంచి తప్పనిసరి చేయడంతో, పరిశోధకులకు ఒకే నమూనాలో ఉన్న సమాచారం విస్తారంగా దొరుకుతోంది. అయితే నింపిన గడులను లెక్కించి కంపెనీలకు మార్కులు వేసే అధ్యయనాలు నాకు అంతగా రుచించవు. అసలు పరిశీలించవలసింది ఉద్గారాల తీవ్రత అనే కొలమానాన్ని: మొత్తం ఉద్గారాలను టర్నోవర్‌తో భాగించి చూపుతారు గనుక, అమ్మిన బస్తాల సంఖ్య పెరగకుండా సిమెంటు బస్తా ధర మాత్రమే పెరిగిన ఏడాదిలో, బట్టీ నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ ఏమాత్రం తగ్గకపోయినా, ఆ అంకె తగ్గి కనిపిస్తుంది. 2023లో వచ్చిన బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ (ఆ నివేదికలోని కీలక సూచికల జాబితా) ఉత్పత్తి పరిమాణాన్ని బట్టి కూడా తీవ్రతను చూపమనడం అందుకే మేలు. సరఫరాదారుల, వినియోగదారుల వైపు వెలువడే స్కోప్ 3 ఉద్గారాలు మాత్రం ఐచ్ఛిక సూచికల్లోనే ఉండిపోయాయి.